గడ్డకట్టే చలిలో 217 కిలోమీటర్లు: తెలివైనవాడి చిట్కాలు

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర కొసన, కెనడా సరిహద్దు మీద, ఇంటర్నేషనల్ ఫాల్స్ అనే ఊరుంది. దేశానికే ఐసు పెట్టె అని దానికి పేరు. ఏటా జనవరి చివర్లో అక్కడి నుంచి యారోహెడ్ 135 అనే పందెం మొదలవుతుంది. 135 మైళ్ళు, అంటే 217 కిలోమీటర్లు. స్నోమొబైళ్ళు తిరిగే మంచుబాట. సైకిలు తొక్కొచ్చు, నడవొచ్చు, స్కీల మీద జారొచ్చు. గడువు 60 గంటలు. పందెం ముగిసేది టవర్ అనే ఊరి దగ్గర, వెర్మిలియన్ సరస్సు ఒడ్డున. ఆ టవర్ దగ్గరే 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. మిన్నెసోటా చరిత్రలో అంతకు మించిన చలి ఇంకెక్కడా నమోదు కాలేదు.

మినియాపొలిస్‌లో ఉన్న మనవాళ్ళకు సంక్రాంతి అరిసెలు అయిపోగానే ఏమీ తోచదు. పేరు రావాలి, ఒళ్ళు అలవకూడదు అనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఈ పందెంలో ఎంతోమంది మధ్యలో మానేస్తారు. మానేసినవాణ్ణి కూడా జనం వీరుడనే అంటారు. కాబట్టి చివరిదాకా తొక్కే ఆలోచన ఇప్పుడే వదిలెయ్యండి. దాదాపు సగం దారిలో, 113వ కిలోమీటరు దగ్గర, ఎలిఫెంట్ లేక్ ఒడ్డున మెల్‌జార్జెస్ అనే విడిది ఉంది. వెచ్చటి గది, వేడివేడి చీజ్ శాండ్‌విచ్. అక్కడ చేరాలి, ఇక లేవకూడదు. అక్కడి దాకా కూడా ఎవరో ఒకరు స్నోమొబైలు మీద ఎక్కించుకుని తీసుకెళ్తే మరీ మంచిది. కింద చెప్పినవి వరుసగా పాటించండి. తప్పకుండా తీసుకెళ్తారు.

1. దరఖాస్తులో మొహమాటం వద్దు

నిర్వాహకులు పాత అనుభవం అడుగుతారు. డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగి వెళ్ళి స్వెట్టరు లేకుండా టీ తాగారా? ‘తూర్పు కనుమల్లో శీతకాలపు యాత్ర’ అని రాయండి. చిన్నప్పుడు పొగమంచులో ట్యూషనుకు సైకిలు తొక్కారా? ‘బాల్యం నుంచే చలికాలపు సైక్లింగ్’ అని రాయండి. లంబసింగిలో చలి సున్నా దాకా వస్తుంది, ఇక్కడ మైనస్ 30. తేడా 30 డిగ్రీలే. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నానికీ జనవరి రాత్రికీ అంత తేడా ఉంటుంది. మనం పుట్టినప్పటి నుంచీ దాన్ని తట్టుకుంటూనే ఉన్నాం.

2. ప్రాక్టీసు గరాజులోనే

పక్కన హీటరు, ఎదురుగా టీవీ పెట్టుకొని కదలని సైకిలు తొక్కండి. రోజూ అక్కర్లేదు, ఇంట్లో ఫొటో తీసేవాళ్ళున్న రోజు చాలు. కొందరు చలి రాత్రి పెరట్లోకి వెళ్ళి, మంచులో స్టవ్ వెలిగించి చూసుకొని, స్లీపింగ్ బ్యాగులో పడుకొని మరీ అలవాటు చేసుకుంటారు. పందెం రోజున వాళ్ళకు కొత్తగా తెలుసుకోవడానికి ఏమీ మిగలదు.

3. తనిఖీలో నెగ్గండి, తరువాత బరువు దించండి

బయలుదేరే ముందు సామాను తనిఖీ ఉంటుంది. మైనస్ 29 డిగ్రీల దాకా కాపాడే స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే ప్యాడ్, స్టవ్, ఇంధనం, మంచు కరిగించుకునే గిన్నె, తలకు కట్టుకునే దీపం, ఆరుతూ వెలిగే ఎర్రదీపాలు, మెడలో విజిల్, 3000 కెలరీల తిండి. ఇవి ఉంటేనే వదులుతారు. మంచి స్లీపింగ్ బ్యాగు వందల డాలర్లు. ఎందుకు కొనడం? తెలిసినవాళ్ళ దగ్గర ఒక్క పూటకు అడిగి తెచ్చుకోండి. చూపించండి. సరే అనిపించుకోగానే తిరిగి ఇచ్చెయ్యండి. దాని గలీబులో ఇంట్లో కప్పుకునే దుప్పటి కుక్కండి. బయటికి లావు ఒకటే. ప్యాడ్ కూడా గదిలోనే వదిలెయ్యండి, మంచు మెత్తగానే ఉంటుంది.

విజిల్ మాత్రం నాణ్యమైనది కొనండి. స్టీలుది. ప్లాస్టిక్ విజిల్ నోట్లోంచి జారిపోతుంది. స్టీలు విజిల్ ఆ చలికి పెదవికి అతుక్కుని కూర్చుంటుంది, చేత్తో పట్టుకునే పని లేదు.

స్టవ్ విషయంలోనూ తెలివి ఉపయోగించండి. అక్కడివాళ్ళు సీసాలో ద్రవ ఇంధనం పోసుకుని, పంపు కొట్టి, నానా తంటాలు పడతారు. మీరు బ్యూటేన్ డబ్బా తీసుకోండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి ఎంత తిప్పినా స్టవ్ వెలగదు. ఇంధనం తరగదు, గిన్నె తోమే పనీ ఉండదు.

4. సైకిలును సిద్ధం చేయడం

మంచు సైకిలుకు నాలుగైదు అంగుళాల వెడల్పు టైర్లుంటాయి. వాటిలో గాలి ఐదారు పీఎస్‌ఐ, మంచు మెత్తగా ఉంటే ఇంకా తక్కువ పెడతారు. టైరు పరుచుకొని మంచు మీద తేలాలని వాళ్ళ ఉద్దేశం. చూసినవాళ్ళు గాలి పోయిందనుకుంటారు, పరువు తక్కువ. బొటనవేలితో నొక్కితే దిగనంత గట్టిగా కొట్టండి. చక్రం మంచులో కూరుకుపోతుంది, మీరు దిగి నెట్టుకుంటూ నడవొచ్చు. నెట్టడం నిబంధనలకు విరుద్ధం కాదు.

వెనక చక్రం ఫ్రీవీలులో మామూలు గ్రీజు నిండా కూరండి. చలికి పనికొచ్చే పలుచటిది వేయించుకోమని సైకిలు షాపువాళ్ళు చెబుతారు. డబ్బు దండగ. మామూలు గ్రీజు మైనస్ 30లో బిగుసుకుపోయి లోపలి పళ్ళు పట్టు వదిలేస్తాయి. పెడల్ తిరుగుతుంది, చక్రం తిరగదు. కాలికి బరువే తగలని సైకిలు వేల డాలర్లు పోసినా దొరకదు.

5. బట్టలు

దీని మీదే అంతా ఆధారపడి ఉంది కాబట్టి శ్రద్ధగా చదవండి.

ముదుర్లు కాస్త వణుకుతూ బయలుదేరతారు. తొక్కుతుంటే ఒళ్ళు ఎలాగూ వేడెక్కుతుంది, చెమట పడితే కొంప మునుగుతుంది అని వాళ్ళ భయం. కొండ ఎక్కే ముందు జిప్పు దించుతారు, దిగేటప్పుడు ఎత్తుతారు. టోపీ తీస్తారు, పెడతారు. దారి పొడుగునా ఇదే పని. మీకెందుకు ఆ చాకిరీ? హోటలు గదిలోనే ఉన్నవన్నీ వేసుకోండి. లోపల నూలు బనియను, దాని మీద నూలు చొక్కా, కింద జీన్సు, పైన అత్తగారు అల్లి పంపిన స్వెట్టరు, మంకీ టోపీ, అన్నిటి మీదా లావు జాకెట్టు. ఒంటికి ఆనే బట్ట ఉన్నిదో పాలిస్టరుదో ఉండాలంటారు. అవి గుచ్చుకుంటాయి. నూలే మన ఒంటికి అలవాటు. జిప్పు గడ్డం దాకా లాగి ఇక ముట్టుకోకండి.

తొలి గంటలోనే వీపు మీద చెమట కాలువలు కడుతుంది. బనియను మొత్తం పీల్చుకుంటుంది. రెండో గంటకు చొక్కా, నడుం దగ్గర జీన్సు తడుస్తాయి. ఎక్కడో ఊపిరి తీసుకుందామని ఆగుతారు. ఆగిన కాసేపటికే చొక్కా వీపు అట్టముక్కలా గట్టిపడుతుంది. కాలరు వంగదు. ఊపిరిలోని తడి మీసం మీద పేరుకొని, మంకీ టోపీ ఉన్నితో కలిసి ఒకే ముద్ద అవుతుంది. నోరు తెరవాలంటే నాలుగు వెంట్రుకలు ఊడి రావాలి. చాలామంది ఇక్కడ కంగారుపడి పొడిబట్టలు తీస్తారు. మీరు పొడిబట్టలు తేలేదు కాబట్టి ఆ కంగారు లేదు. మంచుగోడను గాలి దాటలేదు. అది మీ చెమటతో మీరే కట్టుకున్న గోడ, పైసా ఖర్చు లేదు.

6. కాళ్ళూ చేతులూ

బూట్లు సరిగ్గా మీ కొలతకే కొనండి. లోపల మూడు జతల మేజోళ్ళు కుక్కి లేసులు బిగించండి. వేళ్ళ దాకా రక్తం వెళ్ళదు కాబట్టి అక్కడ చల్లబడే రక్తమే ఉండదు. హ్యాండిలుకు తగిలించే లావు తొడుగులు కొనకండి, ఫొటోలో చేతులు కనబడవు. ఫోను తెర మీద పనిచేసే పలుచటి గ్లోవ్స్ చాలు.

7. తిండి, నీళ్ళు

చలిలో రోజంతా తొక్కేవాడికి కొవ్వు కావాలని వేరుశనగ వెన్న, జున్ను, చాక్లెట్ మోసుకెళ్తారు. ఆ లెక్కన నేతి సున్నుండ మన దగ్గరున్న గొప్ప తిండి. అందుకే దాన్ని ఇంట్లోనే దాచుకోండి, పందెంలో పాడుచెయ్యకండి. అరటిపళ్ళు తీసుకెళ్ళండి, సైకిలు వెనక సంచిలో పడెయ్యండి. మైనస్ 30లో అరటిపండు మేకు కొట్టగలిగేంత గట్టిపడుతుంది. పన్ను దిగదు, కాబట్టి తరగదు. తిండి ఎప్పుడూ వెంట ఉండాలన్న నిబంధన దానంతటదే నెరవేరుతుంది.

నీళ్ళ సీసా ఫ్రేముకే తగిలించండి. కొందరు ఫ్లాస్కు జాకెట్టు లోపల పెట్టుకుంటారు, లేదా సీసాను తలకిందులుగా పెడతారు. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత వైపు తెరుచుకుంటుందని వాళ్ళ లెక్క. మీది నిటారుగానే ఉంచండి. మూత దగ్గర బిరడాలా మంచు బిగుస్తుంది, ఒక్క చుక్క కారదు.

దాహమేస్తే మంచు తినండి. దారి పొడుగునా ఉచితం. లీటరు నీళ్ళకు సరిపడా మంచు తింటే దాన్ని కరిగించడానికే ఒళ్ళు 80 కిలోకెలరీలు ఖర్చు పెడుతుంది. కరిగిన నీటిని ఒంటి వేడికి తేవడానికి ఇంకో 37. జిమ్ముకు నెలనెలా డబ్బు కట్టేవాళ్ళు ఈ లెక్క చూసి ఏడవాలి. జేబులో చిన్న విస్కీ సీసా కూడా ఉండనివ్వండి. మందు పడగానే రక్తనాళాలు విచ్చుకుని, లోపలి వేడి చర్మం మీదికొచ్చి, అక్కడి నుంచి గాలిలో కలిసిపోతుంది. పోయేటప్పుడు మాత్రం భలే వెచ్చగా అనిపిస్తుంది. మనకు కావలసింది అనిపించడమే.

8. మొదటి 5 కిలోమీటర్లు అందరినీ దాటెయ్యండి. ఫొటోలు తీసేవాళ్ళు బయలుదేరే చోటే ఉంటారు.

9. గేట్‌వేలో ఆగండి

56వ కిలోమీటరు దగ్గర గేట్‌వే అనే కొట్టు మొదటి చెక్‌పాయింట్. లోపల వెచ్చగా ఉంటుంది. రెండు గంటలు కూర్చోండి, జాకెట్టు విప్పకండి. మీరు కట్టుకున్న మంచుగోడ కరిగి జీన్సు గుండా మేజోళ్ళలోకి దిగుతుంది. మిగతావాళ్ళు గ్లోవ్స్, టోపీలు విప్పి ఆరబెట్టుకుంటుంటారు. ఇంటిపనులు ఇంట్లో చేసుకోవాలి. మీరు ఆ తడితోనే, చీకటి పడ్డాక, బయటికి నడవండి.

10. ఫోను, దీపాలు, నిద్ర

ఫోను పై జేబులో ఉంచండి. చలికి లిథియం బ్యాటరీ నీరసించి, సగం పైగా చార్జి ఉందని చూపిస్తూనే టక్కున ఆగిపోతుంది. ఇక ఇంట్లోవాళ్ళు గానీ టీమ్ లీడు గానీ మిమ్మల్ని పట్టుకోలేరు. అబద్ధం ఆడనక్కర్లేని సాకు ప్రపంచంలో ఇదొక్కటే.

నిద్రొస్తే ముందు ఎర్రదీపాలు ఆర్పెయ్యండి. వెలుగు చూస్తే స్నోమొబైళ్ళవాళ్ళు ఆగి ‘బాగున్నారా’ అని లేపుతారు. బాట పక్కన మంచు తొక్కి చదును చేసుకోవడం పెద్ద పని. బాట మధ్యలో ముందే చదునుగా ఉంటుంది, అక్కడ పడుకోండి.

11. ఒళ్ళు చెప్పే శుభవార్తలు వినండి

ముక్కు చివర, బుగ్గ మీద తెల్లటి మచ్చ లేస్తుంది. చలి, గాలి కలిసి మైనస్ 40 లెక్కకు వస్తే పది నిమిషాలు చాలు. ముందు మండుతుంది, తరువాత స్పర్శ పోతుంది. నొప్పి పోయిందంటే నయమైనట్టే. సాగిపోండి.

తరువాత వేళ్ళు మొద్దుబారి జిప్పు పట్టు దొరకదు. జిప్పు ముట్టుకోవద్దని ముందే చెప్పాను కాబట్టి మీకు ఇబ్బంది లేదు. మాట ముద్దగా వస్తుంది. ఎవరన్నా పలకరిస్తే చెయ్యి ఊపి పంపించెయ్యండి. ఆపైన వణుకు ఆగిపోతుంది. లోపలి వేడి 32 డిగ్రీల దాపులకు జారాక వణికే శక్తి కూడా ఒంటికి ఉండదని డాక్టర్లు అంటారు. డాక్టర్లు ప్రతిదానికీ భయపెడతారు. మీరు చలికి అలవాటుపడిపోయారని ఇంతకంటే రుజువు ఏం కావాలి?

చివరగా ఉన్నట్టుండి ఉక్కపోస్తుంది. చలికి చచ్చిపోతున్న మనిషి బట్టలు విప్పేసుకోవడం వైద్యులకు బాగా తెలిసిన సంగతే. మీకూ అలా అనిపిస్తే జాకెట్టు విప్పి, మడతపెట్టి, తలకింద పెట్టుకోండి. అత్తగారి స్వెట్టరు మాత్రం పోగొట్టకండి, రేపు అడుగుతారు.

12. ప్రథమ చికిత్స

ఈపాటికి వాలంటీర్లు మిమ్మల్ని వెతికి స్నోమొబైలు మీద వేసుకుని ఉంటారు. శభాష్, అనుకున్నది సాధించారు. వెచ్చటి గదికి చేరగానే గోరువెచ్చటి నీళ్ళు తెస్తారు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో వేళ్ళను అరగంట ఉంచాలనీ, రుద్దకూడదనీ, మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం ఉంటే కరిగించనే కూడదనీ చెబుతారు. అంత ఓపిక మనకెక్కడిది? బయటి నుంచి గుప్పెడు మంచు తెప్పించి వేళ్ళను గట్టిగా రుద్దండి. ఆపైన పొయ్యికి ఆనించండి. స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలియదు.

బొబ్బలు లేస్తాయి. తేటనీరు ఉన్న బొబ్బ అంటే దెబ్బ పైపైనే. నల్లటి రక్తం నిండితే లోతుకు దిగినట్టు. ఫొటోలో రెండోదే బాగుంటుంది. ఏ వేలు ఎంతవరకు దక్కుతుందో తేలడానికి సర్జన్లు వారాలు, ఒక్కోసారి నెలలు ఆగుతారు. అన్నాళ్ళూ ఇంటి నుంచే పని చేసుకోవచ్చు.

13. మానేస్తున్నట్టు ఎవరికీ చెప్పకండి

ఒకవేళ మీ కాళ్ళ మీద మీరే ఏదో రోడ్డు దాకా వచ్చి మానేయాలనిపిస్తే, నిర్వాహకులకు కబురు చెయ్యాలన్నది నియమం. చెయ్యకండి. ఎవరి కారన్నా ఆపి హోటలుకు వెళ్ళి పడుకోండి. లెక్కలో ఒక మనిషి తగ్గాడని రాత్రంతా వాలంటీర్లు బాట మీద గాలిస్తారు. పొద్దున్నే మీ పేరు తెలియనివాళ్ళు ఉండరు. పందెం గెలిచినవాడి పేరు మరుసటి వారానికి మర్చిపోతారు, మీ పేరు మర్చిపోరు.

14. సాకులు విడివిడిగా చెప్పండి

ఆఫీసులో: ‘ఫ్రీవీలు గడ్డకట్టింది.’ నిజమే, కూరింది మీరే అయినా. సైకిలు తెలిసినవాళ్ళు అక్కడ ఉండరు, తలలు ఊపుతారు. ఉన్నా ఊపుతారు, అలా అవుతుందని వాళ్ళకు తెలుసు.

అత్తవారింట్లో: ‘తోటివాడికి సాయం చెయ్యడానికి ఆగిపోయాను మావయ్యా.’ ఆ తోటివాడు ఎవరని అడిగితే నార్వేవాడని చెప్పండి. వాకబు చెయ్యలేరు.

భార్యకు ఏ సాకూ పనిచెయ్యదు. పడకగదిలోకి వెళ్ళి దుప్పటి ముసుగుపెట్టండి.

మిగతా అందరికీ వాతావరణం చాలు. 2019 జనవరి చివర్లో ధ్రువపు గాలులు అమెరికా మధ్య రాష్ట్రాల మీదికి దిగి చలి విరగబడింది. మీరు ఏ ఏడాది వెళ్ళినా ‘2019 అంత చలి కాదు గానీ...’ అని మొదలుపెట్టి వాక్యం మధ్యలో ఆపెయ్యండి. మిగతాది వినేవాళ్ళే పూర్తి చేసుకుంటారు.

15. వచ్చే ఏటికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి

అనుభవం అన్న చోట ఈసారి లంబసింగి అక్కర్లేదు, ‘యారోహెడ్’ అని రాయండి. ఎంత దూరం వెళ్ళారో రాయకండి. కట్లు విప్పేదాకా ఆగకండి. టైపు కొట్టడానికి వేళ్ళు చాలకపోతే పక్కింటి పిల్లాడితో కొట్టించండి.